ధర పడుతున్న శివారులో ఇల్లు: కొనేవాడి లెక్క, అమ్మేవాడి లెక్క

(విజయనగరంలో ఇళ్లు, స్థలాలు కొనేవారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

రేట్లు పెరిగే రోజుల్లో ఇల్లు కొనడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. లక్షో రెండు లక్షలో ఎక్కువ పెట్టినా రెండేళ్లలో అది కనపడకుండా పోతుంది. పడే రోజుల్లో అలా కుదరదు. కొన్నరోజు ఎక్కువ పెట్టింది ఈఎంఐలో కలిసి నెలనెలా కడుతూనే ఉండాలి. అందుకని ఈరోజు అంకెలు ఎక్కువ చెబుతాను. కాగితం, పెన్ను ఉన్నవాళ్లు రాసుకోండి. నేను చెప్పే గజం రేట్లు లెక్క కోసం వేసుకున్నవి. మీ వీధి రేటు మీరు పెట్టుకుని అదే లెక్క వేసుకోవాలి.

ఊరంతా ఒకేసారి పడదు, ముందు పడేది శివారు. కంటోన్మెంటులోనో దాసన్నపేటలోనో తరాలుగా కాపురాలున్న వీధిలో అమ్మేవాళ్లు ఎప్పుడూ తక్కువే. శివారులో సరుకు ఇట్టే పెరుగుతుంది. నిన్నటి వరకు పంట పండిన చేను ఈ ఏడు లేఅవుట్ అవుతుంది. పైగా అక్కడ కొన్నవాళ్లలో ఉందామని కొన్నవాళ్లు తక్కువ, మళ్లీ అమ్ముకుందామని కొన్నవాళ్లు ఎక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, శివారు ధర ఇవాళ్టి అవసరం మీద నిలబడదు, రేపటి కబురు మీద నిలబడుతుంది. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం నిజమే. కానీ దానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న బిట్టులోకి కాపురానికి మనిషి రావాలంటే దగ్గరలో ఉద్యోగం ఉండాలి, బస్సు తిరగాలి, కుళాయి రావాలి, పిల్లలకి బడి ఉండాలి. వాటికి ఏళ్లు పడతాయి. టోకెను అడ్వాన్సు ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్నవాడి చేతిలో ఉండేది మూడు నెలలో ఆరు నెలలో. మిగతా సొమ్ము కట్టాల్సిన గడువు దగ్గరపడేసరికి వాళ్లందరూ ఒకేసారి అమ్మకానికి వస్తారు.

ఇంటి ధర షేరు ధరలా ఒక్కరోజులో పడదు. ముందు బేరాలు ఆగిపోతాయి. అమ్మేవాడు చెప్పే రేటు మాత్రం అలాగే ఉంటుంది. ఆ దశలో ‘రేట్లేమీ తగ్గలేదండీ’ అని అందరూ అంటారు. తగ్గలేదని కాదు, ఆ రేటుకి ఎవరూ కొనలేదంతే. తర్వాత డబ్బు అవసరం పడ్డ ఒకరిద్దరు తగ్గించి అమ్ముతారు. అప్పుడు అసలు ధర బయటపడుతుంది. ఇది నెలల్లో తేలే వ్యవహారం కాదు. అమెరికాలో 2006లో మొదలైన పతనం 2012 దాకా సాగింది. దేశం మొత్తం మీద పాతిక శాతానికి పైగా పడితే, శివార్లు శివార్లుగా కట్టుకుంటూ పోయిన లాస్ వేగాస్‌లో సగానికి పైగా పడింది. మన దగ్గర 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతి చుట్టూ రేట్లు ఎలా పడ్డాయో మీకు తెలుసు. కాబట్టి కొనేవాడికి తొందర లేదు. బ్రోకరు ‘సాయంత్రానికి వేరేవాళ్లు వస్తున్నారు’ అంటే రానివ్వండి.

మరి అసలు ధర ఎక్కడ దొరుకుతుంది? డబ్బు చేతులు మారిన చోట దొరుకుతుంది. దానికి మొదటి కాగితం ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాల వివరాలతో రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్. ఈసీ అంటే తనఖాలు ఉన్నాయేమో చూసుకునేదని మనకి అలవాటు. ధర చూడటానికి కూడా అదే పనికొస్తుంది. మీరు చూస్తున్న ఇంటికే కాదు, అదే సర్వే నంబరులో పక్క బిట్లకి కూడా తీయించండి. ప్రతి దస్తావేజు దగ్గర రెండు అంకెలుంటాయి. ఒకటి మార్కెట్ విలువ, అంటే రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువ. రెండోది ప్రతిఫలం, అంటే ఇంతకి కొన్నామని కొన్నవాడు రాయించిన మొత్తం. ఈ రెండూ ఒకటే అంకె అయితే ఆ దస్తావేజు మీకు ధర గురించి ఏమీ చెప్పదు. ప్రభుత్వ విలువకి రాయించుకున్నారని మాత్రం తెలుస్తుంది. ప్రతిఫలం ఎక్కువగా ఉండి, కింద అదే తేదీకి అటూ ఇటూగా బ్యాంకు తనఖా కనిపిస్తే, ఆ అంకె అసలు ధరకి దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ. దాన్నీ పూర్తిగా నమ్మకండి. అప్పు ఎక్కువ రావాలని పెంచి రాయించేవాళ్లూ ఉంటారు. గత ఏడాదిలో అలాంటివి మూడు నాలుగు దొరికితే చాలు, మీకు ఒక గీత కనిపిస్తుంది.

రెండో ఆధారం బ్యాంకు వేలం ప్రకటనలు. అదే ప్రాంతంలో ఒక ఇల్లు మొదటి వేలంలో పోలేదు, రెండోసారి రిజర్వు ధర, అంటే ఇంతకన్నా తక్కువకి ఇవ్వమని బ్యాంకు పెట్టే ధర, తగ్గించి పెట్టారు, అప్పుడూ పోలేదంటే, ఆ తగ్గించిన ధర దగ్గర కూడా కొనేవాళ్లు లేరని అర్థం. ఇక బ్రోకర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే ఇల్లు నలుగురి చేతుల్లో నాలుగు రేట్లకి తిరుగుతుంటుంది. అందులో తక్కువది చూసుకోండి. ‘అమ్మబడును’ బోర్డులున్న ఇళ్లు రాసి పెట్టుకుని మూడు నెలల తర్వాత అదే వీధిలో నడవండి. ఎన్ని బోర్డులు పోయాయి, ఎన్ని కొత్తగా వచ్చాయి అన్నది ఏ బ్రోకరు మాట కన్నా నిక్కచ్చిగా చెబుతుంది.

ఇప్పుడు లెక్కకి వద్దాం. 150 గజాల స్థలం, అందులో 1,000 చదరపు అడుగుల శ్లాబు ఇల్లు, కట్టి 12 ఏళ్లయింది. ఇంటాయన 48 లక్షలు అంటున్నాడు. ఇంటిని రెండు ముక్కలుగా చూడాలి, నేల వేరు, కట్టడం వేరు. ఏడాదిన్నర కింద అక్కడ గజం 18,000 పలికింది, ఇప్పుడు చేతులు మారుతున్నది 15,000కి అనుకుందాం. నేల 22 లక్షల 50 వేలు. కట్టడాన్ని ఇవాళ కొత్తగా కడితే అడుగుకి 1,900 చొప్పున 19 లక్షలు. శ్లాబు ఇంటికి 60 ఏళ్ల ఆయుష్షు వేసి, చివర్లో పది శాతం విలువ మిగులుతుందనుకుంటే ఏడాదికి ఒకటిన్నర శాతం తరుగు. పన్నెండేళ్లకి 18 శాతం. 19 లక్షల్లో అది పోగా 15 లక్షల 58 వేలు. రెండూ కలిపితే 38 లక్షల 8 వేలు.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. ఇంకా రెండు తీసివేతలున్నాయి.

ఒకటి మరమ్మతులు. ఇల్లు చూడటానికి ఎండాకాలం మధ్యాహ్నం వెళ్లకండి, వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. డాబా మీద నీళ్లు ఎక్కడ నిలిచాయో, ఆ చోటికి కింద గది పైకప్పులో మరక ఉందో చూడండి. సన్‌షేడ్ల అడుగు భాగం చూడండి. భోగాపురం, పూసపాటిరేగ వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ముందు తుప్పు బయటపడేది అక్కడే. మొదట ఇటుక రంగు చార కనిపిస్తుంది, తర్వాత సన్నని పగులు కడ్డీ వెంట నిలువునా పోతుంది, ఆ తర్వాత పెచ్చు ఊడుతుంది. పెచ్చు ఊడని చోట కూడా చిన్న కర్రతో తట్టండి. గట్టిగా ‘టక్’ మంటే బాగుంది, డొల్లగా మోగితే లోపల కడ్డీ ఉబ్బి కాంక్రీటుని వదిలేసిందన్నమాట. కొత్తగా రంగు వేసిన గోడ దగ్గర కింది నుంచి రెండు అడుగుల ఎత్తు దాకా చేత్తో తడిమి చూడండి, చెమ్మ ఉంటే రంగు పొడిపొడిగా చేతికి వస్తుంది. ఆ ఇల్లున్న నేల పూర్వం చెరువు ఆయకట్టో, గర్భమో కూడా కనుక్కోవాలి. ఇది ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే తెలుస్తుంది, గ్రామ పటంలోనూ కనిపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆ ఇంట్లోకి నీళ్లు వచ్చాయా అని ఇంటివాళ్లని కాదు, ఎదురింటివాళ్లని అడగండి. ఈ ఇంట్లో డాబా లీకు, పాత వైరింగు కలిపి మేస్త్రీ, ఎలక్ట్రీషియన్ చెప్పిన ఖర్చు 1 లక్షా 20 వేలు అనుకుందాం. అది పోతే 36 లక్షల 88 వేలు.

రెండోది కాలం. ఇవాళ బేరం కుదిరినా రిజిస్ట్రేషన్ అయ్యేసరికి మూడు నెలలు. పద్దెనిమిది నెలల్లో గజానికి 3,000 పడిందంటే నెలకి 160 పైచిలుకు. మూడు నెలలకి గజానికి 500 వేసుకోండి. 150 గజాలకి 75 వేలు. అది కూడా తీసేస్తే 36 లక్షల 13 వేలు. ఇదీ మీ పై గీత. 34 దగ్గర బేరం మొదలుపెట్టండి, 36 దాటితే లేచి రండి. ఎందుకు 34 అన్నారో అమ్మేవాడికి చెప్పండి, ఇదే లెక్క కాగితం మీద వేసి చూపించండి. ఊరికే తగ్గించమంటే మనసు కష్టపెట్టుకుంటారు, లెక్క చూపిస్తే వింటారు. ఆషాఢంలోనూ మూఢంలోనూ కొనేవాళ్లు ఇళ్లు చూడటమే మానేస్తారు. మీ బేరం అప్పుడు కుదుర్చుకుని రిజిస్ట్రేషన్ మంచిరోజు చూసి పెట్టుకోవచ్చు.

అద్దె కూడా ఒకసారి చూడండి. ఆ ఇంటికి నెలకి 9,000 వస్తుందంటే ఏడాదికి 1 లక్షా 8 వేలు. 36 లక్షల మీద మూడు శాతం. 27 లక్షలు అప్పు తీసుకుంటే ఎనిమిదిన్నర శాతం మీద మొదటి ఏడు వడ్డీయే 2 లక్షల 27 వేల చిల్లర. అంటే ఏడాది ఆగితే పోయేది లక్ష అద్దె, మిగిలేది వడ్డీ, పైగా ఆ ఏడాదిలో ధర తగ్గితే అదీ. నాలుగైదేళ్లలో బదిలీ అయ్యే ఉద్యోగులు పడే బజారులో సొంతిల్లు కొనకూడదని నా గట్టి అభిప్రాయం. స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు 1, వెరసి ఏడున్నర శాతం కొన్నరోజే పోతుంది. ఏడెనిమిదేళ్లు ఆ ఇంట్లోనే ఉంటామనుకున్నవాళ్లకి మాత్రం ఇవాళ్టి ధర, రేపటి ధర మధ్య తేడా అంత పట్టించుకోనక్కర్లేదు.

ఇప్పుడు పడే బజారులో తప్ప మరెక్కడా ఎదురుకాని ఇబ్బంది ఒకటి చెబుతాను, ఇది జాగ్రత్తగా వినండి. ప్రభుత్వ విలువ కన్నా అసలు ధర కిందకి పోవడం. రాష్ట్రంలో 2025 ఫిబ్రవరి 1 నుంచి విలువలు సవరించారు. సవరణకి, సవరణకి మధ్య బజారు జారిపోతే పుస్తకంలో విలువ పైనే ఉండిపోతుంది. మీరు 36 లక్షలకి కొన్నారు, రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో అది 42 లక్షలు. సుంకాలు 42 మీదే కట్టాలి, 2 లక్షల 70 వేలు కాదు, 3 లక్షల 15 వేలు. అది చిన్నది. పెద్దది ఆదాయపు పన్ను. ప్రభుత్వ విలువకి, మీరిచ్చిన ధరకి తేడా 50 వేలు దాటి, మీరిచ్చిన ధరలో పది శాతం కూడా దాటితే, ఆ తేడా మొత్తం మీ ఆదాయమని లెక్కేస్తారు. ఇక్కడ తేడా 6 లక్షలు, పది శాతం అంటే 3 లక్షల 60 వేలు. దాటింది కాబట్టి 6 లక్షలూ మీ ఆదాయంలో కలుస్తాయి. 20 శాతం పన్ను కట్టేవారికి 1 లక్షా 20 వేలు, పైన సెస్సు. అమ్మినవాడికి కూడా 42కే అమ్మినట్టు లాభం లెక్కేస్తారు. అదే ప్రభుత్వ విలువ 39 అయితే తేడా 3 లక్షలు, పది శాతం లోపే, ఏ బాధా లేదు.

అందుకని బేరానికి కూర్చోకముందే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ డోర్ నంబరుకో సర్వే నంబరుకో విలువ చూసుకోండి. కట్టడం విలువ కూడా కలిపి చూడాలి, చాలామంది నేల ఒక్కటే చూసి పొరబడతారు. పన్ను వచ్చేలా ఉంటే ఆ మొత్తాన్ని కూడా మీ ధరలోంచి తగ్గించి అడగండి. ప్రభుత్వ విలువే అన్యాయంగా ఎక్కువుందని మీకు ఆధారాలుంటే, పన్ను అధికారిని ఆ శాఖ వాల్యుయేషన్ అధికారికి పంపమని కోరే హక్కు చట్టంలో ఉంది. ఇంకొకటి, అగ్రిమెంటు తేదీ నాటి విలువనే తీసుకోమని అడగాలంటే, ఆ తేదీకి ముందో ఆ రోజో కొంత సొమ్ము బ్యాంకు ద్వారా ఇచ్చి ఉండాలి. బయానా నగదుగా ఇచ్చేవాళ్లకి ఈ దారి మూసుకుపోతుంది. అసలు స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, ఆ పైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా కట్టాల్సి రావచ్చు. ఇంటి ధర 50 లక్షలు, ఆ పైన అయితే కొనేవాడే అమ్మేవాడికిచ్చే సొమ్ములోంచి ఒక శాతం టీడీఎస్, అంటే ముందుగా కోసే ఆదాయపు పన్ను, కోసి ప్రభుత్వానికి కట్టాలి.

బయానా ఎంత? పెరిగే రోజుల్లో పది, ఇరవై శాతం ఇచ్చేవారు. ఇప్పుడు రెండు మూడు శాతం దాటకండి. అగ్రిమెంటులో ఒక వాక్యం తప్పనిసరిగా రాయించుకోండి: బ్యాంకు మదింపు ఫలానా మొత్తం కన్నా తగ్గినా, అప్పు రాకపోయినా బయానా ఇన్ని రోజుల్లో వాపసు. ఎందుకంటే మీరు 36కి ఒప్పుకున్నా బ్యాంకు వాల్యుయర్ 33 రాస్తే, 80 శాతం అప్పు 26 లక్షల 40 వేలే వస్తుంది. 28 లక్షల 80 వేలు వస్తుందనుకున్న మీరు మిగతా 2 లక్షల 40 వేలు రాత్రికి రాత్రి ఎక్కడ తెస్తారు? సుంకాలకి బ్యాంకు ఇవ్వదు, అవి వేరే ఉండాలి.

కాగితాల సంగతి మీరు చాలాచోట్ల వినే ఉంటారు, ఇక్కడ పొడిగించను. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఆస్తి పాత దస్తావేజులు, ముప్పై ఏళ్లవి చూడాలి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూములుండే 22ఏ నిషేధిత జాబితా చూడాలి. మన జిల్లాలో దేవాదాయ భూములు, ట్రస్టు భూములు, అసైన్డ్ భూములు పట్టా భూముల పక్కనే కలిసిపోయి ఉంటాయి, అందుకని సర్వే నంబరుతో పాటు సబ్‌డివిజను కూడా సరిపోల్చాలి. లేఅవుట్‌లో ప్లాటు అయితే ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర నమోదు నంబరు) అడగండి. పడే బజారులో దీనికి ఇంకో కారణం ఉంది. అమ్మకాలు ఆగితే లేఅవుట్ వేసినవాడికి డబ్బు ఆడదు, ముందు ఆగేది కాలువలు, తర్వాత రోడ్లు, కరెంటు స్తంభాలు. పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు పట్టణాభివృద్ధి సంస్థకి తనఖాలో ఉంటాయి. మీకు చూపించే ప్లాటు వాటిలో ఉందేమో ఆమోదించిన ప్లానులో చూసుకోవాలి.

లేఅవుట్లు వేసే కంపెనీలు రేటు తగ్గించవు, బహుమతులిస్తాయి. రేటు తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు వచ్చి గొడవ చేస్తారని భయం. కాబట్టి మీరే బహుమతిని రూపాయల్లోకి మార్చుకోవాలి. 200 గజాలు, గజం 14,000, మొత్తం 28 లక్షలు. రిజిస్ట్రేషన్ ఉచితం అంటే 2 లక్షల 10 వేలు. పద్దెనిమిది నెలలు వడ్డీ లేని వాయిదాలు అంటే సగటున తొమ్మిది నెలల వడ్డీ, తొమ్మిది శాతం చొప్పున 1 లక్షా 90 వేల దాకా. రెండూ తీస్తే 24 లక్షలు, అంటే గజం 12,000. వాళ్లు ఒప్పుకోకపోయినా ఆ లేఅవుట్‌లో ఇవాళ్టి ధర పన్నెండు వేలే. పక్కనే పాత కొనుగోలుదారు 13,000కి చవగ్గా ఇస్తున్నానంటే అది చవక కాదని మీకు వెంటనే తెలియాలి.

అమ్మేవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారని తెలుసు. మీకు చెప్పేది కష్టంగా ఉన్నా చెప్పాలి. మీకు పడిన రేటు ఎంతన్నది కొనేవాడికి అక్కర్లేదు. 48 అన్నారు, బజారు 40 దగ్గర ఉంది. నాలుగు నెలలాగి 45 అన్నారు, అప్పటికి బజారు 38. మరో నాలుగు నెలలకి 40 అంటారు, అప్పటికి 36. ప్రతిసారీ తగ్గించారు, ప్రతిసారీ బజారుకి పైనే ఉన్నారు. మొదటిరోజే 39 అని ఉంటే మొదటి నెలలోనే పోయేది. తగ్గించేదేదో ఒకేసారి, మీ వీధిలో అమ్మకానికున్న ఇళ్లన్నిటికన్నా కాస్త కిందకి తగ్గించండి. పదిమంది వచ్చి చూసి ఒక్కరూ రేటు అడగకుండా వెళ్లారంటే లోపం ఇంట్లో లేదు, ధరలో ఉంది. అమ్మే ముందు లక్షలు పోసి మాడ్యులర్ కిచెన్ పెట్టించకండి, ఆ డబ్బు రాదు. డాబా లీకు ఆపండి, చెమ్మ ఆరనిచ్చి సున్నం వేయించండి, పన్ను రసీదులు, ప్లాను ఒక ఫైల్లో పెట్టండి. ఖాళీగా ఉంచిన ఇల్లు రెండు వానాకాలాలు దాటితే పాడైపోతుంది, అమ్మేదాకా అయినా మనిషిని ఉంచండి.

(సభలోంచి ప్రశ్న: బ్యాంకు వేలంలో కొంటే చవకే కదా?)

చవకే, కానీ గడువులు కఠినం. ముందు ధరావతు కట్టాలి. పాట మీకు వస్తే ఆ రోజో, తర్వాతి పనిదినమో ధరావతుతో కలిపి 25 శాతం చేరాలి. మిగతా 75 శాతం, అమ్మకం ఖరారయ్యాక పదిహేను రోజుల్లో. గడువు పొడిగించినా మూడు నెలలు దాటదు. కట్టలేకపోతే కట్టింది పోతుంది. అప్పు ముందే మంజూరు చేయించుకుని పాటకి వెళ్లాలి. ప్రకటనలో స్వాధీనం ‘సింబాలిక్’ అని ఉందా ‘ఫిజికల్’ అని ఉందా చూడండి. సింబాలిక్ అయితే లోపల మనుషులున్నారని, వాళ్లని ఖాళీ చేయించే వ్యవహారం మిగిలే ఉందని అర్థం. ఇంటిపన్ను, కరెంటు బకాయిలు కూడా మీ మీదకి వస్తాయి, వాటిని పాటకి ముందే కనుక్కుని మీ లెక్కలోంచి తీసేయండి.

(మరో ప్రశ్న: అమ్మితే వచ్చే ధర కన్నా మా అప్పే ఎక్కువ ఉంటే ఏం చేయాలి?)

ముందు బ్యాంకు దగ్గర ఫోర్‌క్లోజర్ లెటర్ తీసుకోండి. ఫలానా తేదీకి ఎంత కడితే అప్పు తీరుతుందో అందులో ఉంటుంది. మారే వడ్డీ మీద తీసుకున్న ఇంటి అప్పుని ముందే తీర్చినందుకు వ్యక్తులకి అదనపు రుసుము ఉండకూడదు. అప్పు 38, ధర 36 అయితే తేడా 2 లక్షలు మీ చేతి నుంచి రావాలి, అది సిద్ధం చేసుకున్నాకే అగ్రిమెంటు రాయండి. కొనేవాడి బ్యాంకు సొమ్ము నేరుగా మీ అప్పు ఖాతాకి చెక్కుగా వెళ్లేలా అగ్రిమెంటులోనే రాయించండి. మధ్యలో మీ సేవింగ్స్ ఖాతాకి వస్తే కొనేవాడికి నమ్మకం చిక్కదు. అప్పు తీరిన ముప్పై రోజుల్లో బ్యాంకు అసలు దస్తావేజులు తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5,000 చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన, 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆ కాగితాలు వచ్చాక తనఖా రద్దు ఈసీలో ఎక్కిందో లేదో మళ్లీ ఒక ఈసీ తీసి చూసుకోండి.